చిన్న ప్రాణుల నాడీ పటం చదవడం – 5వ పాఠం: ఎర్ర గీత తెచ్చిన గొడవ

ఈసారి హైడ్రా అనే చిన్న నీటి జీవి నాడీ వలలోకి దిగుదామని నాలుగో పాఠం చివర మాట ఇచ్చాను. ఆ మాట తప్పుతున్నాను. మీరు పంపిన జవాబులు చదివాక హైడ్రాను ఇంకో వారం నీళ్లలోనే ఉంచక తప్పలేదు.

లెక్క గుర్తుండే ఉంటుంది. మిల్లీమీటరు పొడవుండే సి. ఎలిగాన్స్ పురుగు నడుము దగ్గర ఒక ముక్క తీసుకుని పటం గీశాను. వీపు వైపు కండరం, పొట్ట వైపు కండరం, వాటిని ముడుచుకునేలా చేసే ఉత్తేజక కణాలు, వాటిని సడలించే నిరోధక కణాలు. అంతే. ఆ నిరోధక కణాలను తీసేసి, పురుగు ముక్కు మీద మెల్లగా తాకితే ఏమవుతుందో చెప్పమన్నాను.

మామూలు పురుగైతే ముక్కు మీద తాకగానే అలలు అలలుగా వంగుతూ వెనక్కి పాకుతుంది. నిరోధం తీసేస్తే? వచ్చిన జవాబుల్లో ఎక్కువ వాటి సారాంశం ఒకటే: ‘బ్రేకు తీసేశారు కాబట్టి ఇంకా జోరుగా వెనక్కి పోతుంది.’ ఒకరైతే ‘ఆగలేక పాకి పాకి ప్రాణం విడుస్తుంది’ అని రాశారు. పాపం, దానికి అంత కష్టం రాదు. అది ఎక్కడికీ పోదు. ఉన్నచోటనే కుంచించుకుపోతుంది.

తప్పులో సగం నాది. నిరోధక గీతలన్నీ ఎర్ర పెన్సిలుతో గీశాను, వాటి చివర అడ్డగీత పెట్టాను, పైగా మూడో పాఠంలో ‘ఇవి బ్రేకుల్లాంటివి’ అని నోరు జారాను. ఆ ఒక్క పోలిక మీ బుర్రల్లో మేకులా దిగిపోయింది. ఈ వారం పనల్లా ఆ మేకు పీకడమే.

దానికంటే ముందు చిన్న చిక్కులు రెండు తీర్చేస్తాను.

పటంలో నిరోధక కణాలకు వీడీ, డీడీ అని ఇంగ్లీషు అక్షరాల పేర్లు ఉన్నాయి. వీడీ అన్న పేరులో రెండో అక్షరం చూసి కొందరు ఆ కణాన్ని వీపు ఖాతాలో వేశారు. పేరులో మొదటి అక్షరమే వైపు చెబుతుంది: డీ అంటే వీపు వైపు కండరం మీద పనిచేసేది, వీ అంటే పొట్ట వైపు కండరం మీద పనిచేసేది. రెండో అక్షరం కణం జాతి: ‘ఏ’ జాతి వెనక్కి పాకడానికి, ‘బీ’ జాతి ముందుకు పాకడానికి, ‘డీ’ జాతి నిరోధానికి. ‘వీ’ని చూసి వీపు అనుకున్నవాళ్లను మాత్రం ఏమీ అనలేను. ఈ పేర్లు పెట్టినవాళ్లకు తెలుగు రాదు.

రెండోది: పురుగు పలక మీద పక్కకు పడుకుని పాకుతుంది. పైనుంచి చూసే మనకు అది పాములా కుడికీ ఎడమకీ వంగుతున్నట్టు కనిపిస్తుంది గానీ, దాని ఒంటి లెక్కలో అది వీపు వైపుకూ పొట్ట వైపుకూ వంగడం. ఇది నేను చెప్పలేదని ముగ్గురు రాశారు. రెండో పాఠంలో ఉంది.

న్యూరాన్ (నాడీ కణం) అంటే ఏమిటి, సినాప్స్ (ఒక కణం ఇంకోదానికి కబురు అందించే చోటు) అంటే ఏమిటి అని మళ్లీ మొదలుపెట్టను. ఇక్కడిదాకా వచ్చినవాళ్లకు అవి తెలిసే ఉంటాయి.

కుంచించుకుపోయే పురుగును మొదటిసారి చూసినప్పుడు నాకూ ఏమీ అర్థం కాలేదు. ఈ పురుగులను తాకడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. కనుబొమ్మ వెంట్రుక ఒకటి పీకి పుల్ల చివర జిగురుతో అంటిస్తారు, అదే సాధనం. మైక్రోస్కోపులో చూస్తూ ఆ వెంట్రుక కొసతో ముక్కు మీద తాకాను. వెనక్కి జారుకోవాల్సిన పురుగు హార్మోనియం తిత్తి మూసినట్టు పొడవునా దగ్గరికి ముడుచుకుంది. ఒక క్షణం అలా పొట్టిగా ఉండి, మళ్లీ మెల్లగా సాగింది. చెయ్యి వణికి గట్టిగా పొడిచానేమో అనుకుని పక్కదాన్ని తాకాను. అదీ అంతే. పలక మీద ఉన్నవన్నీ అంతే. గాబా అనే రసాయనాన్ని తయారుచేసుకోలేని జాతి అది. డీ జాతి కణాలు కండరాన్ని సడలించేది ఆ గాబాతోనే. కణాలు ఉన్నాయి, గీతలు ఉన్నాయి, వాటిలో పారాల్సిన సరుకు లేదు.

ఇప్పుడు లెక్క. కాగితం తీయండి.

ముక్కు తాకిన కబురు అందగానే ఏవీఏ అనే జంట కణాలు వెనక్కి పాకించే ‘ఏ’ జాతి చాలక కణాలను (కండరాన్ని కదిలించే కణాలను) లేపుతాయి. వీపు వైపువాటినీ లేపుతాయి, పొట్ట వైపువాటినీ లేపుతాయి. ఇక్కడ వేలు పెట్టి ఆగండి. ఆజ్ఞ రెండు వైపులకూ వెళ్తోంది. ఏ వైపుకు వంగాలన్నది ఆ ఆజ్ఞలో లేదు.

ఒకానొక క్షణంలో మన ముక్కలో వీపు వైపు ఉత్తేజం 6, పొట్ట వైపు ఉత్తేజం 4 అనుకుందాం. అంకెలు నా కల్పన, లెక్క తేలికగా ఉంటుందని. వీడీ కణం వీపు వైపు ఉత్తేజక కణాల మాట వింటుంది, విని పొట్ట కండరాన్ని సడలిస్తుంది. డీడీ కణం పొట్ట వైపు మాట వింటుంది, విని వీపు కండరాన్ని సడలిస్తుంది. కాబట్టి:

వీపు కండరం: 6 – 4 = 2
పొట్ట కండరం: 4 – 6, అంటే మనకు సున్నా (సున్నా కంటే తక్కువ ముడుచుకోవడం అంటూ ఉండదు)

వీపు పక్క ముడుచుకుంది, పొట్ట పక్క సడలింది, శరీరం వీపు వైపుకు వంగింది. బాగుంది.

ఇప్పుడు నిరోధక కణాలను చెరిపేయండి. వీపు 6, పొట్ట 4. తేడా ఇప్పుడు కూడా 2 అని గమనించారా? కానీ రెండు పక్కలకూ ఉమ్మడిగా ఇంకో 4 మిగిలిపోయింది. ఆ 4 ఎటు పోవాలి? రెండు పక్కలనూ సమానంగా లాగే బలం శరీరాన్ని ఏ పక్కకూ వంచలేదు, పొడవు తగ్గించగలదు, అంతే. నేను వెంట్రుకతో తాకినప్పుడు చూసిన కుంచింపు ఆ 4. నిరోధం ఉన్నప్పుడు ఆ ఉమ్మడి 4 ఏమైందో పైన చూడండి: భిన్నంలో ఉమ్మడి కారణాంకాన్ని కొట్టేసినట్టు కొట్టుకుపోయింది. ఈ పటంలో నిరోధం చేసే పని తీసివేత.

అలాగని ‘గాబా లేని పురుగు పాకనే పాకదు’ అని రాసి నన్ను ఇంకో చిక్కులో పడేయకండి. దాని మానాన దాన్ని వదిలేస్తే ముందుకు పాకుతుంది. కాకపోతే వంపుల లోతు తగ్గిపోతుంది. రెండు పక్కలా బిగుసుకున్న ఒళ్లు అంత లోతుగా వంగదు మరి. 1993లో మెకిన్‌టైర్, జోర్గెన్‌సెన్, హార్విట్జ్ తదితరులు మామూలు పురుగుల్లో ఈ డీ జాతి కణాలను లేజరుతో కాల్చి చూశారు. అవీ తాకితే కుంచించుకుపోయాయి. అంటే గాబా లేని జాతిలో మనం చూసింది ఈ కణాల లోటే.

ఇక పద్ధతి. నేను పటం చదవడం ఎప్పుడూ కండరం దగ్గర మొదలుపెట్టి వెనక్కి వస్తాను. ముక్కు దగ్గరి జ్ఞాన కణాల నుంచి ముందుకు చదివితే ఈ పురుగులోని 302 న్యూరాన్ల గుబురులో నాలుగో మలుపుకే దారి తప్పుతారు. దాదాపు ప్రతి కణం ఇంకో పది కణాలతో మాట్లాడుతుంది. కండరం నుంచి వెనక్కి వస్తే ప్రతి గీతనూ ‘ఈ కండరానికి నువ్వు చేసే మేలేమిటి?’ అని నిలదీయవచ్చు. ఇది తప్పు వరుస అనేవాళ్లు ఉన్నారు. వాళ్ల పటాలు నా పటాల కంటే అందంగా ఉంటాయి, అది ఒప్పుకుంటాను.

అలా వెనక్కి వస్తూ నిరోధక గీత తగిలిన ప్రతిసారీ ఆ గీతను వదిలేసి, దాన్ని అందుకునే కణం దగ్గరికి వెళ్లి మూడు ప్రశ్నలు అడగండి. ఎవరూ ముట్టుకోకుండా వదిలేస్తే నువ్వేం చేస్తుంటావు? నిన్ను అణిచినంతసేపూ ఏం చేస్తావు? అణిచి వదిలేస్తే ఏం చేస్తావు? బ్రేకు అనే పోలిక రెండో ప్రశ్నకు మాత్రమే జవాబు చెబుతుంది. మీ జవాబులన్నీ అక్కడే ఆగిపోయాయి.

మొదటి ప్రశ్న ఎంత ముఖ్యమో చూడాలంటే మాంటిస్ దగ్గరికి వెళ్లాలి. ముందుకాళ్లు జోడించి నమస్కారం పెడుతున్నట్టు నిలబడే కీటకం అది. దాని మగ పురుగు తలను ఆడ పురుగు తినేసినా, తల లేని మొండెం జత కట్టే పని మానదని అందరూ వినే ఉంటారు. 1930లలో కెన్నెత్ రోడర్ దీని వెనక ఉన్న నాడీ సంగతి తేల్చాడు. తలలో ఆహార నాళం కింద ఉండే నాడీ కణాల ముద్దను, అంటే గ్యాంగ్లియాన్‌ను తీసేస్తే, పొట్ట చివరి భాగం జత కట్టే కదలికలను ఎడతెరిపి లేకుండా చేస్తూనే ఉంటుంది. ఆ కదలికను పుట్టించే కణాలు పొట్టలోనే ఉన్నాయి, వదిలేస్తే వాటంతట అవే ఆడతాయి. తల వాటిని మామూలుగా అణిచిపెట్టి ఉంచుతోంది. ఇక్కడ నిరోధం తీస్తే నిజంగానే బండి పరుగెడుతుంది.

అంటే మీ జవాబు బొత్తిగా తప్పు కాదు. ఒక ప్రాణికి రావలసిన జవాబు ఇంకో ప్రాణి చిరునామాకు వెళ్లింది.

మూడో ప్రశ్న దగ్గర ఎవరూ ఊహించనిది ఒకటి ఉంది. నాకు ఈ విషయం మీద కాస్త పిచ్చి, అందుకే ఇక్కడ ఆలస్యం చేస్తాను. తొందర ఉన్నవాళ్లు అభ్యాసానికి వెళ్లిపోవచ్చు. అక్కడ చిక్కుకుని మళ్లీ ఇక్కడికే వస్తారు.

క్లయోన్ అని ఉత్తరాది చల్లటి సముద్రాల్లో ఈదే జీవి ఒకటుంది. నత్త జాతిదే, కానీ పెద్దదయ్యాక ఒంటి మీద గుల్ల ఉండదు. కొన్ని సెంటీమీటర్ల పొడవు, గాజులాంటి ఒళ్లు, మెడ కింద రెండు చిన్న రెక్కలు. నీటి కంటే బరువు కావడంతో రెక్కలు ఆపితే మునిగిపోతుంది. మామూలు ఈతలో సెకనుకు ఒకటి రెండు సార్లు రెక్కలను పైకీ కిందికీ కొడుతుంది. ఈ లయను పుట్టించే కణాలు దాని పాద గ్యాంగ్లియాలలో ఉన్నాయి. ఆ గ్యాంగ్లియాలను ఒంటి నుంచి వేరు చేసి పెట్టినా లయ నడుస్తూనే ఉంటుంది. రెక్కలు లేవు, నీళ్లు లేవు, ఈత మాత్రం ఉంది.

ఆ లయ కణాల్లో ముఖ్యంగా రెండు జట్లు. ఒక జట్టు రెక్కను ఎత్తిస్తుంది, ఇంకో జట్టు దింపిస్తుంది. ఎత్తు కణం, దింపు కణం అందాం. ఎత్తు కణం దింపు కణాన్ని నిరోధిస్తుంది. దింపు కణం ఎత్తు కణాన్ని నిరోధిస్తుంది. ఒకరి నోరు ఒకరు మూయడం తప్ప వాటి మధ్య వేరే సంబంధం లేదనుకుందాం. మీ బ్రేకు పోలిక ప్రకారం ఇది రెండు బ్రేకులు ఒకదాన్నొకటి తొక్కుతున్న బండి. అది కదలకూడదు.

ఎందుకు కదులుతుందంటే, ఈ కణాలకు ఒక గుణం ఉంది. కాసేపు అణిచి వదిలితే ఊరకే మామూలు స్థితికి రావు. నీళ్లలో ముంచిన బంతిని వదిలినట్టు పైకి ఎగదన్ని, ఒక ప్రచోదనం (విద్యుత్ సంకేతం) వెలువరిస్తాయి. నేను దీన్ని ఎగదన్నడం అనే అంటాను. ప్రచోదనం వెలువరించడాన్ని మోగడం అంటాను. ప్రతిసారీ పూర్తిగా రాస్తే పాఠం తెల్లవారుతుంది. ఒకరినొకరు అణచడం, ఎగదన్నడం – ఈ రెండూ కలిసి క్లయోన్ ఈతను నడిపిస్తాయని 1985లో రిచర్డ్ సాటర్లీ చూపించాడు. ఇలా రెండు జట్లు వంతులవారీగా పనిచేస్తాయన్న ఊహ అంతకంటే పాతది. పిల్లుల వెన్నుపాము మీద ప్రయోగాలు చేసి 1911లో గ్రాహం బ్రౌన్ చెప్పాడు.

కాగితం మీద దీన్ని నడిపించి చూడండి. నియమాలు మూడే. ఒకటి: ఎవరూ ముట్టుకోని కణం మౌనంగా ఉంటుంది. రెండు: ఒక కణం మోగితే తరువాతి అడుగులో రెండోది అణిగి ఉంటుంది. మూడు: కిందటి అడుగులో అణిగి ఉన్న కణాన్ని ఈ అడుగులో ఎవరూ అణచకపోతే అది మోగుతుంది. మొదటి అడుగులో మాత్రం ఎత్తు కణాన్ని మనమే ఒక్కసారి మోగిద్దాం, ఆ తరువాత చెయ్యి తీసేద్దాం.

1వ అడుగు: ఎత్తు కణం మోగింది. దింపు కణం మౌనం.
2వ అడుగు: దింపు కణం అణిగింది. ఎత్తు కణం మౌనం.
3వ అడుగు: అణచేవాళ్లు లేరు కాబట్టి దింపు కణం ఎగదన్ని మోగింది.
4వ అడుగు: ఎత్తు కణం అణిగింది.
5వ అడుగు: ఎత్తు కణం ఎగదన్ని మోగింది.

ఐదో అడుగు మొదటి అడుగు లాగే ఉంది. ఇక ఇది ఇలాగే తిరుగుతూ ఉంటుంది. రెక్క పైకి, కిందికి, పైకి, కిందికి. మనం చేసింది మొదట ఒక్కసారి కదిలించడం, అంతే. పటంలో ఉత్తేజక గీత ఒక్కటి కూడా లేదు.

ఇప్పుడు అసలు పరీక్ష. దింపు కణం నుంచి ఎత్తు కణానికి వెళ్లే నిరోధక గీతను చెరిపేసి, అవే నియమాలతో మళ్లీ నడపండి. ఎత్తు కణం మోగుతుంది, దింపు కణం అణుగుతుంది, దింపు కణం మోగుతుంది. ఆ తరువాత? ఎత్తు కణాన్ని అణచేవాళ్లు లేరు. అణగనిది ఎగదన్నదు. నాలుగో అడుగు ఖాళీ, ఐదో అడుగు ఖాళీ. రెక్క ఒకసారి లేచి, ఒకసారి దిగి, ఆగిపోయింది. ఒక ‘బ్రేకు’ తీసేస్తే బండి ఆగిపోయింది.

ఈ పట్టిక ఐదు నిమిషాల పని. చేయకుండా కళ్లతో చదివి ‘అర్థమైంది’ అనుకుంటే అర్థం కాలేదన్నమాట. నాకు ఈ విషయంలో అనుభవం ఉంది. మొదటిసారి నేను మూడో నియమంలో ‘కిందటి అడుగులో’ అన్న మాట మరచిపోయి, అణిగిన కణాన్ని అణిగిన అడుగులోనే మోగించి, గంటసేపు తల గోక్కున్నాను.

ఒక మెలిక మిగిలింది. క్లయోన్‌కు నిజమైన బ్రేకు కూడా ఉంది. దాని తల భాగాన్ని తాకితే రెక్కలు లోపలికి ముడిచి, ఈత ఆపి, మెల్లగా మునుగుతుంది. ఈత ఆపే ఆ నిరోధం ప్లూరల్ గ్యాంగ్లియాలలోని కణాల నుంచి వస్తుంది. అదీ నిరోధమే, ఇదీ నిరోధమే. మరి ఒకటి నడిపిస్తుంది, ఇంకోటి ఆపుతుంది, ఎలా? ఎంతసేపు అణిచారన్నది చూడండి. బంతిని ముంచి వెంటనే వదిలితే ఎగురుతుంది. ముంచి పట్టుకుని కూర్చుంటే నీళ్లలోనే ఉంటుంది. రెండో ప్రశ్ననూ మూడో ప్రశ్ననూ నేను విడివిడిగా రాయించింది అందుకే.

ఒకరు మంచి ప్రశ్న వేశారు: ఏ గీత ఉత్తేజకమో ఏది నిరోధకమో అసలు పటంలోనే రాసి ఉంటుంది కదా, ఇంత తంటా ఎందుకని. రాసి ఉండదు. 1986లో వైట్, సౌత్‌గేట్, థామ్సన్, బ్రెన్నర్ వెలువరించిన ఈ పురుగు నాడీ పటం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పలచటి కోతలను ఒకదాని తరువాత ఒకటి చూసి కూర్చినది. అందులో ఎవరికి ఎవరితో సినాప్స్ ఉందో కనిపిస్తుంది. అది లేపుతుందా అణుస్తుందా అన్నది కనిపించదు. ఎరుపూ నలుపూ అన్నవి తరువాత వేరే ప్రయోగాలు చూసి మనం దిద్దుకున్న రంగులు.

‘అయితే ఏ రసాయనమో చూస్తే సరి; గాబా ఉంటే నిరోధం’ అని చాలామంది దగ్గరి దారి పడతారు. ఆ దారిలోనూ గుంట ఉంది. ఈ పురుగులో గాబా వాడే న్యూరాన్లు 26 అని 1993 నాటి ఆ పరిశోధనలోనే గుర్తించారు. వాటిలో డీడీ కణాలు 6, వీడీ కణాలు 13. ఇవి కండరాన్ని సడలిస్తాయి. మిగతావాటిలో ఏవీఎల్, డీవీబీ అనే రెండు కణాలు మల విసర్జనకు సంబంధించినవి. తిండి దొరికే చోట పురుగు దాదాపు 45 నుంచి 50 సెకన్లకు ఒకసారి విసర్జిస్తుంది. ఆ సమయానికి ఈ రెండు కణాలూ పేగు చివరి కండరాల మీద గాబానే వదులుతాయి, ఆ కండరాలు ముడుచుకుంటాయి. ఒంటి కండరం మీది గ్రాహకం (రసాయనాన్ని అందుకునే ద్వారం) గాబా తగిలితే క్లోరైడును లోపలికి రానిస్తుంది, కండరం సడలుతుంది. పేగు కండరం మీది గ్రాహకం వేరే రకం. అదే గాబా తగిలితే ధన అయాన్లను రానిస్తుంది, కండరం బిగుస్తుంది. ఉత్తరం ఒకటే, చదివేవాళ్లు వేరు. అందుకే గీతను వదిలేసి, అందుకునే కణం దగ్గరికి వెళ్లమన్నాను.

ఇంకో ప్రశ్న, క్లుప్తంగా: వంపు తల నుంచి తోక దాకా అలలా ఎలా పోతుంది, పురుగులో కూడా క్లయోన్‌లాంటి జంటలు వరుసగా ఉన్నాయా? ముందుకు పాకేటప్పుడు జరిగే సంగతి ఒకటి బాగా తెలుసు. 2012లో వెన్ తదితరులు పురుగు నడుమును వంకర తిరిగిన సన్నటి గొట్టంలాంటి దారిలో ఇరికించి పెట్టారు. గొట్టం ఏ వైపు వంగి ఉంటే, దాని వెనక స్వేచ్ఛగా ఉన్న తోక భాగం కూడా ఆ వైపే వంగింది. ముందు ముక్క వంపును వెనక ముక్కలోని బీ జాతి కణాలు పసిగట్టి అదే వంపును అందిపుచ్చుకుంటున్నాయన్నమాట. అలను ముందుకు మోసేదాంట్లో శరీరానికే పెద్ద వాటా ఉంది. దీని మీద విడిగా ఒక పాఠం రాయాలి, హైడ్రా తరువాత.

అభ్యాసం. పాఠం పొడవు చూసి ఒక్కటే ఇద్దామనుకున్నాను, మూడు అయ్యాయి.

మొదటిది తేలిక. అన్క్-55 అనే జన్యువు చెడిన పురుగుల్లో వీడీ కణాలు పొట్ట కండరాన్ని వదిలేసి, డీడీ కణాల్లాగా వీపు కండరాన్నే సడలిస్తాయి. పైన వాడిన 6, 4 అంకెలతో లెక్క వేసి, ఈ పురుగు వెనక్కి పాకబోయినప్పుడు ఏ వైపుకు చుట్టుకుంటుందో చెప్పండి. తరువాత అంకెలు తిప్పి, వీపు 4, పొట్ట 6 అని కూడా చేయండి. రెండు సార్లూ వచ్చిన జవాబు ఒకటేనా? ఆ పురుగు నిజంగా ఉంది, కాబట్టి మీ లెక్కను దిద్దడానికి నేనేమీ కల్పించనక్కర్లేదు.

రెండోది క్లయోన్ పట్టికే. మొదటి అడుగులో ఎత్తు, దింపు కణాలను రెండింటినీ ఒకేసారి మోగించి పది అడుగులు నడపండి. వచ్చిన ఫలితం ఏ ప్రాణికీ పనికిరాదు, ఎందుకో రాయండి. ఇప్పుడు మూడు నియమాల్లో ఒక్కదాన్ని మాత్రమే మార్చి, రెండూ ఒకేసారి మొదలైనా చివరికి వంతులు పడేలా చేయండి. నేను మూడు రకాలుగా చేశాను, ఒకటే నచ్చింది.

మూడోది కష్టం, చేయలేకపోతే సిగ్గుపడనక్కర్లేదు. గుడ్డు నుంచి అప్పుడే బయటపడిన సి. ఎలిగాన్స్ పిల్లకు వీఏ, వీబీ, వీడీ కణాలు ఇంకా పుట్టి ఉండవు. పొట్ట వైపు నాడీ తాడులోని చాలక కణాలుగా దానికి ఉన్నవి డీఏ 9, డీబీ 7, డీడీ 6, మొత్తం 22. పైగా ఆ వయసులో డీడీ కణాలు పెద్ద పురుగులోలాగా వీపు కండరాన్ని కాకుండా పొట్ట కండరాన్ని సడలిస్తాయి. కొన్ని గంటల తరువాత సినాప్సులను తిప్పుకుని వీపు వైపుకు మారతాయి. అంటే పిల్ల పురుగు పటంలో పొట్ట కండరాన్ని ముడిచే చాలక కణం ఒక్కటీ లేదు. అయినా అది పెద్ద పురుగులాగానే రెండు వైపులా చక్కగా వంగుతూ పాకుతుంది. పొట్ట కండరం ఎలా ముడుచుకుంటుందో రెండు వేర్వేరు ఊహలు రాయండి. ఒకదానిలో మొదటి ప్రశ్నను కండరాన్నే అడగండి. రెండోదానిలో పటంలో గీయని మార్గం ఏదైనా ఉండవచ్చేమో ఆలోచించండి. ప్రతి ఊహకూ, అది తప్పయితే ఏ కణాన్ని కాల్చినప్పుడు బయటపడుతుందో కూడా రాయాలి.

జవాబుతో పాటు పట్టిక పంపండి. పట్టిక లేని జవాబు చదవను. ఎర్ర పెన్సిలు వాడకండి.